"వృథాగా సముద్రం పాలు" - ఒక బెజవాడ లెక్క

ప్రతి ఏడాదీ వానాకాలంలో మన పేపర్లలో ఒక హెడ్డింగ్ తప్పకుండా వస్తుంది. అంకె మారుతుంది గానీ వాక్యం మారదు. "ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు". మా పెదనాన్న ఆ ముక్కని ఫోటో తీసి మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కింద పదిమంది ఏడుపు బొమ్మలు పెడతారు. నేనూ చాలా ఏళ్ళు పెట్టాను. మాది బెజవాడ వన్ టౌన్. ఇంట్లోంచి పావుగంట నడిస్తే బ్యారేజీ. గేట్లెత్తారంటే చాలు, చూడ్డానికి పరిగెత్తే ఊరు మాది. అన్ని నీళ్ళు అలా దిగువకు పోతుంటే పర్సులోంచి డబ్బులు జారిపోతున్నట్టే ఉండేది.

ఈమధ్య ఆ "వృథా" అనే మాట దగ్గర ఆగిపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. టపా కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

వెనక్కి అంటే 1832కి. ఆ ఏడాది వానల్లేక గుంటూరు సీమలో వచ్చిన కరువుని నందన కరువు అంటారు (నందన నామ సంవత్సరం కాబట్టి). ఐదు లక్షల జనాభాలో లక్షన్నర మందికి పైగా పోయారని లెక్క. పక్కనే కృష్ణ పారుతోంది. పొలం మాత్రం ఎండిపోతోంది. అందుకని ఈ టపాలో నేను ఆనకట్టల్ని తిడతానని ఎవరైనా అనుకుంటే, సారీ. ఆనకట్ట లేకపోతే మా తాతలు ఉండేవాళ్ళు కాదేమో, నేనూ ఉండేవాణ్ణి కాదు.

కృష్ణకి అడ్డంగా ఆనకట్ట కట్టొచ్చన్న ఆలోచన 1790ల నుంచే ఉంది. పని మొదలైంది 1852లో, పూర్తయింది 1855లో. ఇంద్రకీలాద్రికీ అవతల సీతానగరం కొండకీ మధ్య నది సన్నబడే చోట కట్టారు. గోదారి వాళ్ళకి కాటన్ దొర దేవుడు. ఊరూరా విగ్రహాలు, పూజలు. కృష్ణ మీద దగ్గరుండి పని చేయించిన కెప్టెన్ ఓర్ పేరు మాత్రం మా ఊళ్ళో వందమందిని అడిగితే ఒక్కడు కూడా చెప్పలేడు. ఎంతైనా మార్కెటింగులో గోదారి వాళ్ళు మనకంటే ముందే.

సరే, అసలు విషయానికి వద్దాం. ఆ గోడతో పొలాలకి నీళ్ళొచ్చాయి. నదిలో ఉండేవాటికి ఏం జరిగింది?

పులస అనగానే అందరికీ గోదారే గుర్తొస్తుంది. సముద్రంలో బతికి, వరద రాగానే గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదే ఆ చేప కృష్ణలోకి కూడా ఎక్కేది. మలుగు పాముది దీనికి రివర్సు. అది పెరిగేది నదిలో, గుడ్లు పెట్టేది సముద్రంలో. నీలకంఠ రొయ్యది ఇంకో తిరకాసు. తల్లి రొయ్య మంచినీళ్ళలో ఉంటుంది, పిల్లలు బతకాలంటే మాత్రం ఉప్పూ తీపీ కలిసిన నీళ్ళు కావాలి. అందుకని తల్లి కిందికి దిగుతుంది, పిల్లలు కాస్త పెరిగాక ఏటికి ఎదురు పాక్కుంటూ పైకొస్తాయి. వీటికి నది రెండువైపులా తిరిగే రోడ్డు లాంటిది. 1855లో దానికి అడ్డంగా గోడ లేచింది.

ఇది మనకి ఇప్పుడు కొత్తగా తెలిసిన సంగతి కాదు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా చేరి, తర్వాత చేపల మీద పడి, చివరికి దేశం మొత్తానికి మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన ఫ్రాన్సిస్ డే అనే ఆయన 1873లో ఒక పెద్ద రిపోర్టు రాశాడు. ఆనకట్టలు చేపల రాకపోకల్ని ఆపేస్తున్నాయనీ, వాటికి దారి వదలాలనీ దాని సారాంశం. అంటే బగ్ రిపోర్ట్ ఫైలై నూటయాభై ఏళ్ళు దాటింది. స్టేటస్ ఇంకా ఓపెన్! పూర్తిగా పట్టించుకోలేదని కూడా అనలేం. తమిళనాడులో కొల్లిడం మీది దిగువ ఆనకట్టకి 1909లో చేపల మెట్లు కట్టి చూశారు. పులసలు ఎక్కలేదు. అవి సాల్మన్ చేపల్లాగా ఎగిరి దూకే రకం కాదు. యూరప్ డిజైన్ని అలాగే తెచ్చి మన చేపకి పెడితే అంతే మరి.

పాత ఆనకట్టతో ఒక సుఖం ఉండేది. అది ఎత్తు తక్కువ గోడ. పెద్ద వరదొస్తే మునిగిపోయేది, నీళ్ళు పైనుంచి పారేవి. నది క్యాలెండర్ మాత్రం మారలేదు. జూన్ చివర్లోనో జులైలోనో ఎర్రనీళ్ళు దిగేవి, ఆగస్టు సెప్టెంబర్లలో పోటెత్తేవి, సంక్రాంతికి తేటబడేవి, ఎండాకాలం ఇసుక తిన్నెల మధ్య సన్నటి పాయలుగా పారేవి. నదిని నమ్ముకున్న ప్రతి జీవీ ఈ క్యాలెండర్ని బట్టే బతికేది. బొచ్చె లాంటి చేపలు గుడ్లు పెట్టడానికి కొత్తనీరు ఎక్కుతున్న గుర్తు కావాలి. రివర్ టెర్న్ లాంటి పక్షులు మార్చి నుంచి మే దాకా ఇసుక మీదే గుడ్లు పెడతాయి, గూడు కూడా కట్టవు. ఆ నెలల్లో నీళ్ళు పెరగవని వాటి నమ్మకం. ఆ నమ్మకం వేల ఏళ్ళు వమ్ము కాలేదు.

1952లో ఆ ఆనకట్టకి గండి పడింది. దాని బదులు వేపా కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఇప్పుడున్న బ్యారేజీ కట్టారు. 1957 డిసెంబర్లో తెరిచి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. డెబ్భై గేట్లు, పైన రోడ్డు. గోడ పోయి గేట్లు వచ్చాయి. ఇంతకుముందు నది ఎప్పుడు పారాలో వాన చెప్పేది, ఇకనుంచి మనిషి చెప్తాడు.

అసలు పెద్ద మార్పు పైన జరిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967లో ఇందిరా గాంధీ కాలవలకి నీళ్ళు వదిలింది. ఆ తర్వాత శ్రీశైలం, పైన ఆల్మట్టి, జూరాల, 2013లో పులిచింతల. పులిచింతలకి కె.ఎల్.రావు గారి పేరు పెట్టారు. మా బెజవాడ ఎంపీ, కేంద్రంలో నీటిపారుదల మంత్రి, స్వయంగా ఇంజనీరు. ఇవన్నీ కలిపితే నది ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి నీళ్ళు తీసుకెళ్ళే పైపులైను అయింది. 2015 నుంచి పట్టిసీమ పంపులు గోదారి నీళ్ళని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పోస్తున్నాయి. జూన్‌లో బ్యారేజీ దగ్గర కళకళలాడే నీళ్ళు చూసి కృష్ణమ్మకి దండం పెడతాం గానీ, అందులో గోదారమ్మ వాటా చాలానే ఉంటుంది.

చిన్నప్పుడు మాకు ఎండాకాలం పండగ ఏంటంటే కాలవలు కట్టేయడం. మరమ్మతుల కోసం నీళ్ళు ఆపేయగానే మార్కెట్ వైపు ఏలూరు కాలవలో అక్కడక్కడా గుంటలు మిగిలేవి. జెల్లలు, మట్టగిడసలు ఆ గుంటల్లో గిలగిలలాడేవి. చొక్కాలు విప్పి దిగేవాళ్ళం. చేత్తో పట్టుకోవచ్చు! చేపలు ఎందుకు అంత తేలిగ్గా దొరికేవో ఆ వయసులో ఆలోచన రాలేదు. గేటు దించేశాక ఎక్కడికి పోవాలో వాటికి తెలియదు, అంతే.

బ్యారేజీ కింద నదిలోనూ అదే జరుగుతుంది. గేట్లెత్తినప్పుడు నీళ్ళతో వచ్చిన చేపలు, దించగానే రాళ్ళ మధ్య మడుగుల్లో చిక్కుకుపోతాయి. జనం వలలేసుకుని దిగుతారు. మేం చదువుకునేటప్పుడు హైడ్రాలజీ సబ్జెక్టు చదివే సివిల్ వాళ్ళని ఏడిపించేవాళ్ళం, ఆ పాపం ఇప్పుడు తగులుతోంది. వాళ్ళ పుస్తకాల్లో దీని గురించి చాలా ఉంది. నది ఎండితే కలిగే నష్టం ఒక ఎత్తు. గంటల్లో పెరిగి గంటల్లో తగ్గితే కలిగే నష్టం ఇంకో ఎత్తు. కరెంటు కోసం టర్బైన్లు తిప్పినప్పుడు ఇదే జరుగుతుంది. సాయంత్రం ఊళ్ళల్లో లైట్లు వేసేటప్పుడు నీళ్ళు దూకుతాయి, అర్ధరాత్రి ఆగిపోతాయి. ఒడ్డున పెట్టిన గుడ్లు ఓసారి కొట్టుకుపోతాయి, ఓసారి ఎండిపోతాయి. పైగా జలాశయం అడుగునుంచి వచ్చే నీళ్ళు చల్లగా, ఆక్సిజన్ తక్కువగా ఉంటాయి. బురదంతా పైనే దిగబడిపోయి ఉంటుంది కాబట్టి తేటగానూ ఉంటాయి. చూడ్డానికి బానే ఉంటుంది. అయితే ఒండ్రు లేని నీళ్ళు ఆకలితో ఉన్నట్టు ఒడ్డునీ ఇసుకనీ కోసుకుంటూ పోతాయి.

2021లో ఆఫీసులు మూసి ఇంటినుంచే పని చేస్తున్న రోజుల్లో నేను ఇది కళ్ళారా చూశాను. ఆ జులైలో రెండు రాష్ట్రాల మధ్య గొడవ. తెలంగాణ శ్రీశైలం, సాగర్, పులిచింతలల్లో కరెంటు తీస్తోంది, ఆంధ్ర వద్దంటోంది. ఆ నీళ్ళు వచ్చి బ్యారేజీ నిండిపోయింది, గేట్లెత్తి కిందికి వదిలారు. మామూలుగా వరద వస్తే బురద, కొమ్మలు, నురగ అన్నీ వస్తాయి. ఇవి తేటగా వచ్చిన నీళ్ళు, ఎక్కడో స్విచ్ వేస్తే వచ్చినవి. మళ్ళీ ఆగస్టు 5న పులిచింతల పదహారో గేటు కొట్టుకుపోయింది. దాని స్థానంలో అడ్డుపలకలు దించాలంటే నీటిమట్టం తగ్గాలి కాబట్టి జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేశారు. ఒక నెల తేడాతో రెండు వరదలొచ్చాయి. రెండూ ఆకాశం నుంచి వచ్చినవి కాదు.

ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం కృష్ణలంక వైపు వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను, గేట్లెత్తుతారని మీకెలా తెలుస్తుంది తాతా అని.

"సైరన్ కొడతారుగా బాబూ. మైకులో కూడా చెప్తారు. అదినపడగానే పైకొచ్చేయటమే."

"రాత్రిపూటయితే?"

"రాత్రయినా కొడతారు. నిద్రపోయేవోడు పోతాడు." అని నవ్వాడు.

మన ఫీల్డులో రిలీజ్ అంటే ఎంత తతంగం! ముందు మెయిళ్ళు, రిలీజ్ నోట్స్, అర్ధరాత్రి కాల్స్, తేడా వస్తే వెనక్కి తిప్పడానికి ఇంకో ప్లాను. నీళ్ళ రిలీజ్‌కి సైరన్ ఒక్కటే. అది కూడా అన్నిచోట్లా మోగదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ళమీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఇరవైనాలుగు మంది, లార్జి డ్యాం నుంచి వదిలిన నీళ్ళలో నిమిషాల్లో కొట్టుకుపోయారు. ఆ వీడియో మనలో చాలామంది చూసే ఉంటారు. నేను రెండోసారి చూడలేకపోయాను. చదువుకున్నవాళ్ళు, కళ్ళముందు నీళ్ళు పెరుగుతుంటే చూస్తూ కూడా తప్పించుకోలేకపోయారు. ఇక ఇసుకలో గుడ్డు సంగతి చెప్పేదేముంది.

ఇప్పుడు "సముద్రం పాలు" దగ్గరికి వద్దాం.

ఆంధ్రా యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.నాగేశ్వరరావు గారూ ఆయన సహచరులూ 2010లో కృష్ణా, గోదావరి డెల్టాల తీరం మీద ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. అందులో అంకెలు చూసి నాకు మతిపోయింది. కృష్ణలో 1951-59 మధ్య ఏడాదికి సగటున 61.88 ఘన కిలోమీటర్ల నీళ్ళు దిగువకు పారేవి. మన లెక్కలో దాదాపు 2,185 టీఎంసీలు. 2000-08 నాటికి అది 11.82, అంటే సుమారు 417 టీఎంసీలు. నీళ్ళు ఐదో వంతుకన్నా తగ్గాయి. ఒండ్రు సంగతి మరీ ఘోరం. 1966-69లో ఏడాదికి 90 లక్షల టన్నులు వచ్చేది, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకి పడిపోయింది. మిగతాదంతా పైన డ్యాముల కడుపుల్లో ఉంది.

డెల్టా అంటే ఏంటి? నది వేల ఏళ్ళు మోసుకొచ్చి పోసిన మట్టి. సముద్రం రోజూ కొంచెం కోస్తుంది, నది రోజూ కొంచెం పోస్తుంది. పోసేవాడు మానేశాడు, కోసేవాడు మానలేదు. 1965 నుంచి 2008 దాకా రెండు డెల్టాలూ కలిపి నికరంగా 76 చదరపు కిలోమీటర్లు సముద్రంలో కలిసిపోయాయని ఆ పత్రం లెక్క. మనకి చదరపు కిలోమీటర్లు ఎక్కవు కాబట్టి ఎకరాల్లో చెప్తాను. దాదాపు 18,800 ఎకరాలు. అమరావతికి రైతులు పూలింగులో ఇచ్చిన భూమిలో సగానికి పైనే. ప్లాట్ల మీద అంత ప్రేమ ఉన్న మన జాతి ఇంత భూమి పోతే ఒక్క ధర్నా చెయ్యలేదు.

ఆ చివర ఏముందంటే హంసలదీవి, నాగాయలంక, మడ అడవులు. 1989లో దాన్ని కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు, 194 చదరపు కిలోమీటర్లు. అక్కడ బావురుపిల్లులు ఉన్నాయి. నీళ్ళలోకి దూకి చేపలు పట్టే పిల్లులు. నీటికుక్కలున్నాయి. మడ చెట్టుకి ఉప్పునీరు ఇష్టమని చాలామంది అనుకుంటారు. ఉప్పుని తట్టుకుంటుంది గానీ, వట్టి సముద్రపు నీళ్ళలో దానికి ఎదుగుదల ఉండదు. నది తెచ్చే తీపినీళ్ళు కలవాలి, వేళ్ళ దగ్గర ఒండ్రు చేరాలి. ఇది పిల్లుల గొడవ మాత్రమే అనుకుంటే 1977 నవంబర్ 19 గుర్తు తెచ్చుకోండి. దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. సముద్రానికీ ఊళ్ళకీ మధ్య ఎంత అడవి, ఎంత నేల ఉంది అన్నది అక్కడి జనానికి ప్రాణాల ప్రశ్న.

మరి ఇన్నేళ్ళ నీళ్ళ పంచాయితీల్లో నది వాటా ఎంత? బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలని మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఆంధ్రాకి 800 అని పంచింది. కూడి చూడండి, సరిగ్గా 2,060. నదికంటూ మిగిలింది సున్నా. బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 2010లో మొదటిసారి కనీస ప్రవాహం కోసం విడిగా కొంత కేటాయించింది. మూడు రాష్ట్రాలకీ కలిపి 16 టీఎంసీలు. నాకు లెక్కలేసే జబ్బుంది కాబట్టి వేశాను. 16 టీఎంసీలు ఏడాది పొడుగునా సమానంగా వదిలితే 507 క్యూసెక్కులు వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది చూశారా, ఆ వేగంతో ఈ 16 టీఎంసీలు పోవడానికి నాలుగు గంటలు కూడా పట్టదు. ఆ మాత్రం కేటాయింపు ఉన్న అవార్డు కూడా గెజెట్‌లోకి ఎక్కకుండా సుప్రీంకోర్టు దగ్గర ఆగింది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్ని నదుల్లోనూ ఎండాకాలపు సగటు ప్రవాహంలో కనీసం 15 నుంచి 20 శాతం ఉంచమంది. ఏప్రిల్‌లో బ్యారేజీ మీద నిలబడి కిందికి చూస్తే ఆ ఆర్డరు ఎంతవరకు అమలైందో ఎవరికైనా అర్థమవుతుంది.

2009లో 11 లక్షలు, 2024లో 11.4 లక్షలు, మధ్యలో నెలల తరబడి సున్నా. ఇదీ ఇప్పటి కృష్ణ. అయితే ఒకటి, లేకపోతే సున్నా. నదికి కూడా మన బైనరీ అంటించాం.

వేరే దారి లేదా అంటే ఉంది. అమెరికాలో ఉన్నవాళ్ళు గ్రాండ్ కాన్యన్‌కి వెళ్ళే ఉంటారు కదా. దాని పైనున్న గ్లెన్ కాన్యన్ డ్యాం కట్టాక కొలరాడో నదిలో ఇసుక తిన్నెలు కరిగిపోయాయి, అక్కడి సొంత చేపలు కొన్ని అంతరించే దశకి వచ్చాయి. 1996 మార్చిలో అక్కడివాళ్ళు కావాలనే వరద తెచ్చారు. వారం రోజులు 45,000 క్యూసెక్కులు. ఇసుక తిన్నెలు మళ్ళీ లేచాయి. తర్వాత కొన్నాళ్ళకి కొట్టుకుపోయాయి కూడా, ఒక్కసారితో అయ్యే పని కాదని తేలింది, అందుకని ఆ తర్వాత కూడా చేస్తూ వచ్చారు. మన దగ్గర మొదటి ప్రమాద హెచ్చరికే 3.97 లక్షల క్యూసెక్కులకి. 45,000 అంటే మా ఊళ్ళో చూడ్డానికి కూడా ఎవరూ రారు. నేనడిగేది కొత్త నీళ్ళు కాదు. ఎలాగూ వదిలేవాటిని గంటలో దించేయకుండా మెల్లగా దించడం, పక్షులు గుడ్లు పెట్టే మూడు నెలలు ఇసుక మీదికి ఎక్కకుండా సన్నగా పారించడం, వరద మొదట్లో బురద నీళ్ళని కాస్త కిందికి పోనివ్వడం. చేపకి మాత్రం ఇవేవీ చాలవు, దానికి మెట్లే కావాలి, అదీ మన చేపకి పనికొచ్చే మెట్లు.

అన్నీ డ్యాముల మీదికే నెట్టడం కూడా న్యాయం కాదు. ఇసుక లారీలు ఉన్నాయి, బెజవాడ మురుగు ఉంది, చెరువుల కోసం మడ నరికినవాళ్ళు ఉన్నారు. వాటి మీద ఇంకో టపా రాయొచ్చు.

ఇవన్నీ క్లుప్తంగా వాట్సాప్ గ్రూపులో రాశాను, 2024 వరద తగ్గాక. ఏడుపు బొమ్మలు ఆగిపోయాయి. పెదనాన్నకి మోపిదేవి పక్కన మూడెకరాలుంది, కాలవ శివారు, ఏ ఏడూ నీళ్ళు సమయానికి అందవు. ఆయన ఒకే ఒక్క ముక్క రాశాడు. "ఒరేయ్, నువ్వు అసలు ఏ రాష్ట్రం వాడివిరా?"

పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు. వేరే ఏదో పెళ్ళి సంగతి మాట్లాడుతూ మధ్యలో అన్నాడు, పొలంలో బోరు నీళ్ళు రెండేళ్ళుగా నోట్లో పెట్టలేకుండా ఉప్పగా ఉన్నాయట, ఏరు అంతలా వచ్చి పోయాక కొంచెం తీపెక్కాయట.

"ఎన్నాళ్ళుంటయ్యో చూడాలి" అన్నాడు.